రెంటచింతల మట్టిలో సూది

నేను సంతకం పెట్టిన రిపోర్టులో తప్పుందేమోనన్న భయం ఒక మే నెల మధ్యాహ్నం, నరసరావుపేటలో మా ల్యాబ్ మేడ మీద మొదలైంది. పరీక్షలు అయ్యాక మిగిలిన మట్టీ ఇసుకా కొన్నాళ్లు అక్కడే ఉంచుతాం. ఆ రోజు ఖాళీ సంచి కావలసి వచ్చి పైకి వెళ్లాను. పిట్టగోడ పక్కన ఒక గోనెసంచి మూతి విప్పి ఉంది. అందులో కృష్ణ ఇసుక, నవంబరులో రెంటచింతల పని మీద వెళ్లినప్పుడు తెచ్చింది. పారబోద్దామని చేయి పెడితే పైన ఇసుక చుర్రుమంది. చేయి వెనక్కి లాక్కున్నాను. ఎంత ఆరిందో చూద్దామని ఈసారి మణికట్టు దాకా దూర్చాను. లోపల చుక్క తడి లేదు. వేడి కూడా లేదు. పొద్దుటి నుంచి కాసిన ఎండంతా పైన నాలుగు వేళ్ల మందంలోనే ఆగిపోయింది.

ఆరిన ఇసుక ఎండ వేడినే లోపలికి పోనివ్వడం లేదు. మరి కేబుల్ వేడిని బయటికి ఎలా పోనిస్తుంది?

ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే నవంబరులో ఏం రాశానో గుర్తొచ్చింది.

నేను సివిల్ డిప్లొమా చదివాను. మా సార్ ప్రభుత్వంలో ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక రెండు గదుల్లో ఈ మట్టి పరీక్షల ల్యాబ్ పెట్టారు. నేను చేరి పదేళ్లయింది. ఇళ్ల పునాదులకు, కల్వర్టులకు, గోదాములకు మట్టి చూడటమే మొదట్లో మా పని. ఈమధ్య సోలార్ ప్లాంట్లు వచ్చి, భూమిలో కరెంటు కేబుళ్లు వేయడం మొదలయ్యాక మాకు ఇంకో పరీక్ష వచ్చి పడింది. కరెంటు పారేటప్పుడు కేబుల్ వేడెక్కుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న మట్టిలోకి పోవాలి. పోకపోతే కేబుల్ మీది తొడుగు పాడై ఎప్పుడో ఒకప్పుడు కాలిపోతుంది. మట్టి ఆ వేడికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకెను థర్మల్ రెసిస్టివిటీ అంటారు. అంకె ఎంత చిన్నదైతే కేబుల్‌కు అంత మంచిది. కొలవడానికి జానెడు పొడవున్న స్టీలు సూది ఉంటుంది. దాని లోపల హీటరు తీగ, వేడిని కనిపెట్టే సెన్సరు ఉంటాయి. మట్టిలో గుచ్చి, హీటరు వేసి, సూది ఎంత తొందరగా వేడెక్కుతుందో పావుగంట చూస్తాం. మట్టి వేడిని లాగేసుకుంటే సూది నెమ్మదిగా వేడెక్కుతుంది. అడ్డుపడితే గబగబా ఎక్కుతుంది.

నవంబరులో రెంటచింతల దగ్గర కొలిచినప్పుడు సూది చాలా నెమ్మదిగా వేడెక్కింది. సోలార్ ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్‌కు వేసే కేబుల్ దారి అది. వానలు బాగా పడ్డాయి, కాలవ నిండుగా పారుతోంది, మిరప చేలకు నీళ్లు పెడుతున్నారు. నల్లరేగడి పారకు అంటుకుని వదలడం లేదు. అన్ని గుంటల్లోనూ మంచి అంకెలు వచ్చాయి. కాంట్రాక్టరు వాళ్లు మమ్మల్ని అడిగింది ఆ నేల రీడింగులే. అక్కడితో మూటాముల్లే సర్దుకుని వస్తే సరిపోయేది. కాంట్రాక్టరు తరఫున ఉన్న సైట్ ఇంజనీరు, నది అవతల నల్గొండ వైపు అతను, కేబుల్ చుట్టూ బ్యాక్‌ఫిల్‌గా పోయడానికి తెప్పించిన ఇసుక కుప్ప చూపించాడు.

"మేడం, గీ ఇసుక గూడ ఒక్కసారి చూడుండ్రి. రిపోర్టుల ఒక్క లైను రాస్తే మాకు మల్ల తిరుగుడు తప్పుతది."

ఇసుక అచ్చంపేట వైపు నుంచి వచ్చింది. రాత్రి కురిసిన వానకు తడిగా ఉంది. సూది గుచ్చాను. అంకె నేలకంటే బాగా వచ్చింది. ఆరబెట్టి కూడా కొలవాలని తెలుసు. ఆరబెడుతూ నాలుగైదు దశల్లో కొలవడానికి వారం పడుతుంది. అతను మర్యాదగా అడిగాడు, నాకు ఇంటికి తొందరగా పోవాలని ఉంది. రిపోర్టు చివర "ఇసుక బ్యాక్‌ఫిల్‌కు అనుకూలంగా ఉంది" అని రాసి కింద సంతకం పెట్టాను. సార్ ఆ వారం ఊళ్లో లేరు.

మే నెలలో ఆ మేడ మీద నిలబడి ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు మనసులో చదువుకున్నానో తెలియదు.

సంచిలోంచి రెండు దోసిళ్ల ఇసుక కిందికి తెచ్చాను. ఓవెన్లో పెట్టి పూర్తిగా ఆరబెట్టి, చల్లార్చి, అచ్చులో పొరలుపొరలుగా దట్టించి సూది గుచ్చాను. నవంబరులో వచ్చిన అంకెకు నాలుగు రెట్లు వచ్చింది. సరిగా దట్టించలేదేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అదే. మూడోసారి చేసేటప్పుడు మిషనే చెడిపోయి ఉంటే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

మాకు బండి నడిపే భాయ్ అప్పుడే వచ్చాడు. ఆయన నరసరావుపేటలోనే మోటారు వైండింగ్ పని చేసేవాడు. బండి కొనుక్కున్నాక మా సామాను మోస్తూ, మా మిషన్లకు కూడా ఆయనే వైద్యుడయ్యాడు. నా ముఖం చూసి, "ఏందమ్మా, అట్టా ఉన్నావు?" అన్నాడు.

"భాయ్, ఈ సూది తప్పు చూపిస్తందేమో చూడాలి. మెడికల్ షాపులో గ్లిజరిన్ తెచ్చిపెడతావా?"

గ్లిజరిన్‌కు ఎప్పుడూ ఒకే అంకె ఉంటుంది. సూది మంచిదో కాదో దానిలో ముంచితే తెలుస్తుంది. ఆయన రెండు సీసాలు తెచ్చాడు. గాజు గ్లాసులో పోసి సూది నిలబెట్టాం. పావుగంట ఇద్దరం మిషను తెర వైపే చూస్తూ కూర్చున్నాం. అంకె రావలసిన చోటే వచ్చింది.

"మిషను బాగుందిగా," అన్నాడు భాయ్ సంతోషంగా. నాకు ఏడుపొచ్చింది.

సార్‌కు ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నవంబరు రిపోర్టు చివరి పేజీ తీశారు.

"ఇసుక సంగతి వాళ్లు అడిగారా?"

"నోటితో అడిగారండి. కాగితం మీద అడగలేదు."

"అడగని దానికి మనమెందుకు రాశాం?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే కొంచెం తేలికగా ఉండేదనిపించింది.

"ఓవెన్లో ఆరబెట్టింది వేరు, భూమిలో ఉన్నది వేరు. గజం లోతున అంత ఆరిపోయి ఉండకపోవచ్చు. ముందు పోయి చూసి రా అమ్మాయ్. చూడకుండా ఎవరితోనూ ఏమీ అనబాక."

మర్నాడు తెల్లవారగానే బయలుదేరాం. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల తెల్లటి పొగ రోడ్డు మీదికి దిగి ఉంది. గురజాల దాటేసరికి బండి కిటికీలోంచి వచ్చే గాలి ముఖానికి కొడుతోంది. భాయ్ దారి పొడవునా తన కూతురి ఇంటర్ మార్కుల గురించి చెబుతున్నాడు. నేను ఊ కొడుతున్నాను. నా మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. కేబుల్ వేడెక్కితే చుట్టూ ఉన్న ఇసుకలో తడి దూరంగా జరుగుతుంది. తడి పోతే వేడి బయటికి పోదు. వేడి పోకపోతే ఇంకా ఆరుతుంది. సోలార్ ప్లాంటు కాబట్టి ఎండ ముదిరిన వేళే కరెంటు ఎక్కువ పారుతుంది. మట్టి బాగా ఎండిపోయేదీ ఈ నెలల్లోనే.

రెంటచింతల శివారులో నవంబరులో మేం గుంట తీసిన చేను గుర్తుపట్టలేకపోయాను. మిరప మొక్కలు పీకేశారు. నేల నెర్రెలిచ్చి ఉంది, ఒక్కో నెర్రెలో నా చేయి పట్టేంత సందు. గట్టు పక్కన కేబుల్ ట్రెంచ్ పూడ్చేసి, గుర్తు రాళ్లు పాతారు. ఇంకా కరెంటు ఇవ్వలేదని దారిలోనే ఫోను చేసి కనుక్కున్నాను. ఆరు రోజుల్లో ఇస్తారట.

చేను గల ఆవిడ పాక నీడలో కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. మెడలో జపమాల, నెత్తిన తడి తువ్వాలు. నన్ను ఆవిడే ముందు గుర్తుపట్టింది.

"నువ్వేగా అమ్మాయ్, వానాకాలం వచ్చి సూదులు గుచ్చింది? మళ్లా ఏంది?"

"ఒకసారి మళ్లీ చూద్దామని వచ్చాం పిన్నీ."

"చూడు, చూడు. అప్పుడు గుంట తీస్తే నీళ్లూరినయ్యి. ఇప్పుడు కాలవ కట్టేసి రెండు నెలలైంది. గునపం దిగిద్దేమో చూసుకో."

గునపం కష్టంగానే దిగింది. భాయ్ ఇద్దరు కూలీలను పిలుచుకొచ్చాడు. కేబుల్‌కు దెబ్బ తగలకుండా, పక్క నుంచి జాగ్రత్తగా ఇసుక పొర దాకా తవ్వారు. ఇసుక కనబడగానే గుంటలోకి దిగి పిడికెడు తీశాను. మూసిన వేళ్ల మధ్య నుంచి మొత్తం జారిపోయింది. నా చేతికి తడి అంటలేదు.

సూది నేరుగా గుచ్చితే వంగుతుందని భాయ్ ముందు సైకిల్ చువ్వతో సన్నటి దారి చేశాడు. సూది పెట్టి, మీద గొడుగు పట్టించి, సూదీ ఇసుకా ఒకే వేడికి వచ్చేదాకా అరగంట ఆగాం. ఆ అరగంట గుంట అంచున మోకాళ్ల మీద కూర్చునే ఉన్నాను. ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, గుంటలోకి తొంగిచూసింది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఈ తీగ మా చేలో పేలిద్దా?"

"లేదు పిన్నీ" అనబోయాను. మానుకున్నాను.

"అదే చూస్తన్నాం," అన్నాను.

"చూస్తన్నాం అంటే పేలొచ్చనేగా?" అంది ఆవిడ. "నా మనవరాలు రోజూ ఈ గట్టునే పోయిద్ది."

హీటరు వేశాను. తెర మీద గీత నిటారుగా లేచింది. లెక్క చూడకుండానే అర్థమైంది. పావుగంటకు వచ్చిన అంకె మూడుకు దగ్గరగా ఉంది. వాళ్లు కేబుల్ డిజైను చేసుకున్న అంకెకు అది రెట్టింపు. కొంచెం ఎడంగా ఇంకో రెండు గుంటలు తీయించాను. ఒకచోట కాస్త తక్కువ, ఇంకోచోట ఇంకా ఎక్కువ.

రెండో గుంట దగ్గర ఉండగా సైట్ ఇంజనీరు మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎవరో ట్రెంచ్ తవ్వుతున్నారని కబురు పోయిందట. నేను దాచకుండా చెప్పాను, ఇసుక ఆరిపోయిందని, నేను రాసిన మాట తప్పని. అతను ఫోను తీసి నా రిపోర్టు చివరి పేజీ తెరిచి నా ముఖం ముందు పెట్టాడు.

"గిది మీ సంతకం కాదా మేడం? మీరే గదా మంచిగున్నది అని రాసిండ్రు? మూడు నెలల సంది పని చేసినం. ఇప్పుడొచ్చి గిట్ల అంటే ఎట్ల?"

"నాదే. తడి ఇసుక కొలిచి రాశాను. ఆరబెట్టి చూడకుండా రాయకూడదు."

"ఈ మాట మా పెద్దసార్లకు నేనెట్ల చెప్పాలె? ముందు నన్ను పంపిస్తరు."

ముప్ఫై కూడా ఉండవు అతనికి. కోపంగా మాట్లాడుతున్నాడుగానీ నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. అతన్ని మా బండి నీడలోకి పిలిచాను.

"మీరేం చెప్పొద్దు. తప్పు ఎక్కడ జరిగిందో నేనే రాసి పంపిస్తాను. కాగితం మీద అడగనిదాన్ని నేనే రాశానని కూడా రాస్తాను. కరెంటు మాత్రం ఇవ్వనీయబాకండి."

"అది నా చేతుల లేదు మేడం," అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు గురజాలలో ఆగి సార్‌కు ఫోను చేశాను. అంకెలు చెప్పాను. ఆయన ఒక్కో అంకె మళ్లీ చెప్పించుకుని రాసుకున్నారు.

"రాయి," అన్నారు చివరికి. "ఉన్నదున్నట్టు రాయి. నీ ఒక్కదాని సంతకం వద్దు. నాది కూడా పెడతా. ల్యాబు నాది."

ఆ ఉత్తరం రాయడానికి రెండు గంటలు పట్టింది. పేజీన్నర కూడా లేదు. నవంబరులో ఇసుక తడిగా ఉందని, ఆరిన దశలో పరీక్ష చేయకుండానే అనుకూలమని రాశానని, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. కొత్త రీడింగులు, గీతలు జతచేశాను. చేను ఎవరిదో, గట్టు మీద ఎవరు నడుస్తారో రాయాలనిపించింది. అలాంటివి రిపోర్టుల్లో రాయరు. ఆ గట్టు మీద మనుషుల రాకపోకలు ఉన్నాయని ఒక్క ముక్క మాత్రం చేర్చాను. సార్ చదివి ఆ ముక్క తీయలేదు.

పంపిన రోజు జవాబు రాలేదు. రెండో రోజూ రాలేదు. ఇంజనీరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. మూడో రోజు నరసరావుపేటలో మధ్యాహ్నం కరెంటు పోయింది. వేసవిలో రోజూ పోయేదే. ఆ రోజు మాత్రం ఇక్కడి కరెంటుకూ ఆ కేబుల్‌కూ సంబంధం లేదని తెలిసి కూడా వీధిలోకి పరిగెత్తి, పక్క షాపుల్లో ఉందా లేదా అని చూశాను. ఇంట్లో అన్నం కలిపి వదిలేసేదాన్ని. మా అమ్మ, "జ్వరమేందే?" అని నుదురు పట్టుకు చూసేది. చెప్పినా అర్థం కాదని చెప్పలేదు. తర్వాత చెప్పాను. శ్రద్ధగా విని, "మరి మజ్జిగ ఇచ్చినావిడకు ఫోను చేసి గట్టు మీద నడవొద్దని చెప్పావా?" అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆవిడ నంబరు కూడా నా దగ్గర లేదు. భాయ్ దగ్గర ఆ కూలీల్లో ఒకతని నంబరు ఉంటే, అతని ద్వారా కబురు చేశాం. పిల్ల ఇక రోడ్డు దారినే పోతుందని, ఆ మాట నేను చెప్పక్కర్లేదని, గుంట అంచున కూర్చున్నప్పటి నా ముఖం చూసి ఆ రోజే గట్టు మీది నడక మానిపించిందని ఆవిడ దగ్గర నుంచి తిరిగి కబురు వచ్చింది.

ఐదో రోజు సాయంత్రం ఇంజనీరు ఫోను చేశాడు.

"మేడం, ఛార్జింగ్ ఆపిండ్రు, కేబుల్‌కు కరెంటు ఇస్తలేరు. మా పెద్దసారు మీ లెటర్ చదివి బాగ తిట్టిండు. మిమ్మల్నీ నన్నూ. ఇసుక తీసేసి వేరేది పోయాలంటున్రు. ఏది పోయాలో మీరే చెప్పాలె."

నేను తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాను.

ఆ తర్వాత పది రోజులు మాకు తిండికి తీరిక లేదు. ఇసుక రేణువులన్నీ ఒకే సైజువి. మధ్యలో ఖాళీలు మిగులుతాయి, తడి పోయాక ఆ ఖాళీల్లో గాలే ఉంటుంది. ఖాళీలు పూడాలంటే చిన్నాపెద్దా కలిసినది కావాలి. మా పల్నాడులో సున్నపురాయికి కొదవ లేదు. దాచేపల్లి వైపు క్రషర్ల దగ్గర రాయి కొట్టగా మిగిలిన డస్టు గుట్టలుగా పడి ఉంటుంది. నాలుగు చోట్ల నుంచి తెచ్చి జల్లెడ పట్టాం, నీళ్లు కలిపి దట్టించాం, పూర్తిగా ఆరబెట్టి సూది గుచ్చాం. ఒకటి పనికిరాలేదు, మట్టి ఎక్కువైంది. రెండు పరవాలేదు. నాలుగోదానికి కొంచెం సిమెంటు కలిపితే చుక్క తడి లేకుండా ఆరాక కూడా అంకె డిజైను లోపలే నిలిచింది. ఆ ఒక్కదాన్నే ఆరుసార్లు చేశాను. సార్ విసుక్కోలేదు. ఏడోసారికి మాత్రం, "ఇక చాలమ్మాయ్, అది ఆరాల్సినంతా ఆరింది," అన్నారు.

ఇసుక తీసి డస్టు పోసి దట్టించడం జూన్ మొదటి వానల దాకా సాగింది. ప్రతి వంద గజాలకూ నేనే గుంటలోకి దిగి కొలిచాను. ఇంజనీరు నాతో మొదట ముక్తసరిగా మాట్లాడేవాడు. పోనుపోను సూది పెట్టినప్పుడల్లా తనే వచ్చి గొడుగు పట్టుకునేవాడు. ఉద్యోగం పోలేదు. ఒక ఇంక్రిమెంటు ఆపారట. మాకు ఆ కాంట్రాక్టరు దగ్గర నుంచి మరో పని రాలేదు. సార్ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను మాత్రం కొత్త ఆర్డరు వచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఏం అడిగారో రెండుసార్లు చదువుతాను.

కేబుల్‌కు కరెంటు ఇచ్చిన రోజు మమ్మల్ని పిలిచారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోడు పెంచారు. కేబుల్ పక్కనే పాతిన సెన్సరులో వేడి ఎంతో ఇంజనీరు అరగంటకోసారి చదువుతుంటే, నేను నా పుస్తకంలో రాసుకున్నాను. సాయంత్రానికి అది పెరగడం ఆగి ఒకచోట నిలబడింది. భాయ్ బండి బానెట్ మీద బూందీ పొట్లం విప్పాడు. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను, కానీ నా కళ్లు తారు రోడ్డు మీదే ఉన్నాయి.

అక్కడ కేబుల్ రోడ్డును దాటుతుంది. బస్సులు మాచర్లకు పోయే రోడ్డు. దాన్ని మళ్లీ తవ్వడానికి అనుమతి రాలేదు. ఆ కాస్త దూరం, కేబుల్‌ను దూర్చిన పైపు చుట్టూ పాత ఇసుకే ఉండిపోయింది. అక్కడి అంకె నేను రాసి ఇచ్చాను, పైపు పక్కన ఇంకో సెన్సరు పాతించాను. మే నెలలో నడి ఎండ వేళ లోడు ఇంత దాటకూడదని వాళ్లూ ఒక హద్దు రాసుకున్నారు, సబ్‌స్టేషన్ గోడ మీద అంటించారు. లెక్క ప్రకారం అంతా సరిపోయింది. లెక్క నేనే చేశాను.

ఇంజనీరు ఇప్పుడు ఆ ప్లాంటులోనే నిర్వహణ చూస్తున్నాడు. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం రెండు గంటలప్పుడు అతనికి ఫోను చేస్తాను. పలకరింపులేమీ ఉండవు.

"రోడ్డు దగ్గర ఎంతుంది?"

అతను వెళ్లి సెన్సరు చూసొచ్చి వేడి అంకె చెబుతాడు. సరేనంటాను. పెట్టేస్తాను.